బస్సు ఎడమకి కూర్చుంటే లీకు ఎడమనే ఉండాలని లేదు: ఎయిర్ సస్పెన్షన్‌లో సన్న లీకు పట్టిన తీరు

నెల్లూరు నుంచి హైదరాబాదుకి రాత్రిపూట తిరిగే స్లీపర్ బస్సు. తెల్లారి వచ్చి షెడ్డులో ఆగుతుంది, రాత్రికి మళ్లీ బయల్దేరుతుంది. ఆగినప్పుడు సమంగానే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక వెనక ఎడమ మూల దిగడం మొదలవుతుంది, సాయంత్రానికి టైరు మీద నాలుగు వేళ్లు పట్టే సందు కూడా ఉండదు. స్టార్ట్ చేసి కాసేపు రేస్ ఇస్తే లేస్తుంది. "నడుస్తా ఉంటే ఏం తెలీదన్నా, నిలబెడితేనే దిగిపోతా ఉండాది" అన్నది డ్రైవరు ఫిర్యాదు. మా దగ్గరికి వచ్చేసరికే వెనక ఎడమ బెల్లోలు (బాడీని మోసే గాలి నిండిన రబ్బరు సంచులు) రెండూ కొత్తవి వేసి ఉన్నాయి. జబ్బు మాత్రం పోలేదు.

ఈ ఫిర్యాదు ఎక్కువగా వింటాం, ఈ ఖర్చు కూడా ఎక్కువగా చూస్తాం. ఏ మూల దిగితే ఆ మూల బెల్లో మార్చడం అలవాటుగా మారింది. కానీ బస్సు ఎక్కడ దిగిందో చూస్తే గాలి ఎక్కణ్ణుంచి పోతోందో తెలియదు. అది తెలియాలంటే గాలి దారిని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క గాలి నిలుపుతోందో ఏది నిలపడం లేదో గేజితో చూడాలి. ఈ బస్సుకి చేసింది అదే.

పాన పట్టే ముందు గాలి దారి గీసుకోవాలి. కంప్రెసర్ నుంచి గాలిలో తేమ తీసే డ్రయ్యర్‌కి, అక్కణ్ణుంచి నాలుగు సర్క్యూట్ల ప్రొటెక్షన్ వాల్వుకి గాలి వస్తుంది. ఆ వాల్వు ముందుగా బ్రేకు ట్యాంకుల్ని చూసుకుంటుంది, అవి ఒక మట్టానికి వచ్చాకే సస్పెన్షన్‌కీ తలుపులకీ మిగతా వాటికీ వదులుతుంది. కూర్చున్న బస్సు స్టార్ట్ చేయగానే లేవకపోవడానికి కారణం ఇదే. సస్పెన్షన్ ట్యాంకు నుంచి మూడు లెవెలింగ్ వాల్వులకి ట్యూబులు వెళ్తాయి: ముందు ఇరుసుకి ఒకటి, వెనక ఇరుసుకి ఎడమ ఒకటి, కుడి ఒకటి. వాల్వు ఛాసిస్ మీద ఉంటుంది, దాని చెయ్యి చిన్న రాడ్డుతో ఇరుసుకి తగిలి ఉంటుంది. బాడీ దిగితే చెయ్యి లేచి బెల్లోకి గాలి పెడుతుంది, బాడీ లేస్తే గాలి బయటికి వదులుతుంది, మధ్యలో ఉంటే రెండు దారులూ మూసి ఉంచుతుంది. ముందు రెండు బెల్లోలూ ఒకే వాల్వు మీద ఉంటాయి కాబట్టి ఒకటి కారినా రెండూ కలిసే దిగుతాయి. వెనక మాత్రం ఎడమ వాల్వు మీద ఉన్న రెండు బెల్లోలు ఒక జట్టు, కుడివి ఇంకో జట్టు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇంజను ఆపి ఉన్నా లెవెలింగ్ వాల్వు పని ఆపదు. బెల్లో సన్నగా కారుతుంటే బాడీ కొంచెం దిగుతుంది, వెంటనే వాల్వు ట్యాంకులోంచి నింపుతుంది. ట్యాంకులో గాలి ఉన్నంతసేపు బస్సు సమంగా కనపడుతూనే ఉంటుంది. అంటే ఆగిన గంటల తర్వాత దిగే బస్సులో ముందు ట్యాంకు ఖాళీ అయింది, తర్వాతే మూల దిగింది. ఆ ట్యాంకుని బెల్లోనే తాగేసిందా, ట్యాంకు తానే కారిందా అన్నది తేల్చాలి.

డ్యాష్‌బోర్డు ముళ్లు బ్రేకు ట్యాంకులవి, సస్పెన్షన్ ట్యాంకువి కావు. అయినా అవి ఒక ఆచూకీ ఇస్తాయి. లీకు బ్రేకు సర్క్యూట్‌లో ఉంటే ఆ సర్క్యూట్ ముల్లు సున్నా దాకా దిగుతూ పోతుంది. లీకు సస్పెన్షన్ వైపు ఉంటే ముళ్లు కొంతవరకే దిగి, ప్రొటెక్షన్ వాల్వు మూసుకునే మట్టం దగ్గర నిలబడిపోతాయి. ఆ మట్టం వాల్వు రకాన్ని బట్టి సుమారు 5, 6 బార్ల (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉంటుంది. ఈ బస్సులో ముళ్లు అలాగే నిలబడ్డాయి. బ్రేకుల జోలికి పోనక్కర్లేదని అక్కడే తేలింది.

కిందికి దూరే ముందు చక్రాలకి ముందూ వెనకా అడ్డాలు పెట్టాలి, ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య ఇనప స్టాండ్లో గట్టి చెక్క దిమ్మలో నిలబెట్టాలి. గాలి మీద నిలబడ్డ బస్సు కింద పడుకోకూడదు. ఒక ట్యూబు ఊడితే చాలు, బాడీ ఒక్కసారిగా దిగుతుంది, కింద తల పట్టే సందు మిగలదు. జాకీ ఉంది కదా అనుకోవడం కూడా తప్పే. జాకీ లేపడానికి మాత్రమే, నిలబెట్టేది స్టాండు.

మొదటి పని కొలత. నాలుగు మూలలా చక్రం హబ్బు మధ్య నుంచి చక్రం గూడు అంచు దాకా టేపుతో కొలిచి, ఆ అంకె అక్కడే చాక్‌పీసుతో రాయాలి. నేల చదునుగా ఉండాలి. గంటకోసారి కొలిస్తే ఏ మూల ముందు కదిలిందో తెలుస్తుంది. ఒక మూల దిగితే దాని ఎదురు మూల కొంచెం లేస్తుంది కాబట్టి కంటితో చూసి చెప్పే మాట ఎప్పుడూ నమ్మదగింది కాదు.

ఎండ లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. మన దగ్గర రోహిణి కార్తెలో ఎండలో నిలబడ్డ బస్సు ట్యాంకు చేత్తో తాకలేనంత వేడెక్కుతుంది. 45 డిగ్రీల దగ్గర 8 బార్లున్న ట్యాంకు రాత్రి 28 డిగ్రీలకి చల్లారితే, ఒక్క బుడగ కూడా కారకుండానే 7.5 బార్లకి వస్తుంది. ఆ అరబారుని లీకు కింద లెక్కేసి వెతికితే ఏమీ దొరకదు. బెల్లోల్లో ఇంకో రకంగా జరుగుతుంది. మోసే బరువు మారదు కాబట్టి ప్రెషరు దాదాపు అంతే ఉంటుంది, గాలి పరిమాణం మాత్రం తగ్గి బాడీ సుమారు ఒక సెంటీమీటరు దిగవచ్చు. రాత్రంతా నిలబడ్డ బస్సు అన్ని మూలలా ఒక వేలు మందం సమంగా దిగితే అది జబ్బు కాదు. ఈ బస్సు పగలు నిలబడేది కాబట్టి లెక్క తిరగబడుతుంది: ఎండకి ప్రెషరు పెరిగి, సన్న లీకుని కొన్ని గంటలు కప్పేస్తుంది. అందుకే పరీక్ష ఎండలో పెట్టలేదు. నీడలోకి తెచ్చి, కంప్రెసర్ వేడి గాలి చల్లారడానికి గంట ఆగి, అప్పుడు మొదటి రీడింగు తీసుకున్నాం.

విడగొట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. లైను సైజుకి తగిన పుష్ ఫిట్టింగు బాల్ వాల్వులు నాలుగు, 0 నుంచి 10 బార్ల గేజీలు రెండు, టీలు (మూడు దారుల జాయింట్లు), కొంచెం నైలాన్ ట్యూబు. బాల్ వాల్వుని ముందు నీళ్ల బకెట్లో పెట్టి ప్రెషరుతో చూసుకోవాలి. పరీక్షించే వాల్వే కారితే ఇంక ఏ రీడింగూ నమ్మలేం. ప్రొటెక్షన్ వాల్వు నుంచి సస్పెన్షన్ ట్యాంకుకి వచ్చే లైన్లో ఒకటి, ట్యాంకు నుంచి లెవెలింగ్ వాల్వులకి వెళ్లే లైన్లో ఒకటి పెట్టాం. మిగతా రెండూ వెనక ఎడమ, కుడి లెవెలింగ్ వాల్వులకీ బెల్లోలకీ మధ్య పెట్టాం. గేజి ఒకటి ట్యాంకు మీద, ఇంకోటి ఎడమ బెల్లోల లైన్లో. ఖాళీ బస్సు వెనక బెల్లోల్లో సాధారణంగా 3, 4 బార్లుంటాయి, బరువుని బట్టి మారుతుంది. ట్యాంకు 8 బార్లకి నింపి, ఇంజను ఆపి, వాల్వులన్నీ మూసేశాం.

ఎడమ బెల్లోలు తెల్లారేదాకా కదల్లేదు. కొలతలో వేలు మందం తేడా కూడా లేదు. అంటే ఆ కొత్త బెల్లోల్లో లోపం లేదు, పాతవాటిలో కూడా ఉండి ఉండకపోవచ్చు. కుడివీ నిలబడ్డాయి. ట్యాంకు మాత్రం రెండు వైపులా మూసి ఉన్నా గంటన్నరలో 8 నుంచి 6 బార్లకి దిగింది.

సబ్బునీళ్లు పట్టుకుని బయల్దేరే ముందు ఒక లెక్క వేసుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. ట్యాంకు 30 లీటర్లది. ఒక బారు తగ్గిందంటే 30 లీటర్ల మామూలు గాలి బయటికి పోయింది. 2 బార్లకి 60 లీటర్లు. 90 నిమిషాలకి పంచితే నిమిషానికి 650 మిల్లీలీటర్లు దాటుతుంది. మూడు సెంటీమీటర్ల వెడల్పున్న సబ్బు బుడగలో పట్టేది సుమారు 14 మిల్లీలీటర్లు. అంటే లీకు ఒకే చోట ఉంటే నిమిషానికి అలాంటి బుడగలు 45 పైన రావాలి. ఇది దాక్కునే లీకు కాదు, చూసినవాడికి కనపడి తీరాలి. నిజంగా సన్నదైనా, అంటే రాత్రి ఎనిమిది గంటల్లో 2 బార్లు పోయేదైనా, ఏడు సెకన్లకో బుడగ ఇస్తుంది. కాబట్టి గేజి దిగుతూ ఉండి, సబ్బునీళ్లకి ఎక్కడా బుడగ రాకపోతే, సబ్బునీళ్లు చేరని చోట లీకుందని అర్థం.

ట్యాంకు మీద అలాగే జరిగింది. నిపుల్స్, డ్రెయిన్ వాల్వు, రెండు చివర్ల వెల్డింగు, టీలు అన్నీ తడిపితే నురగ కదల్లేదు. తడపడం కూడా తొందరపడి చేస్తే తప్పుతుంది. గిన్నెలు కడిగే లిక్విడ్ సోపు అరలీటరు నీళ్లకి రెండు మూతలు కలిపి, నురగ రేగకుండా స్ప్రే చేసి, ఒక్కో జాయింటు దగ్గర రెండు మూడు నిమిషాలు నిలబడి చూడాలి. ముందే నురగ చేసి పోస్తే కొత్త బుడగ పాత నురగలో కలిసిపోతుంది. అమోనియా ఉన్న క్లీనర్లు వాడకూడదు, ఇత్తడి ఫిట్టింగులు చీలతాయి. పరీక్ష అయ్యాక మంచినీళ్లతో కడిగేయాలి.

నీళ్లు చేరని చోటు ఒక్కటే మిగిలింది: ట్యాంకుని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఇనప పట్టీల కింద. పట్టీకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు పట్టీ ఉంటుంది. గాలి అంతా వదిలేసి, పట్టీ సడలించి, ట్యాంకుని పక్కకి జరిపి, మళ్లీ 3 బార్లు పెట్టి తడిపితే బుడగలు తెగకుండా వచ్చాయి. రబ్బరు కింద తుప్పు పొరలు పొరలుగా లేచి, మధ్యలో సూది మొనంత బెజ్జం.

ఇది మన తీరప్రాంతపు జబ్బు. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద రొయ్యల లోడు లారీల నుంచి ఐసు కరిగిన నీళ్లు, ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ నీళ్లు వెనక బండి కిందికి చిమ్ముతాయి. మైపాడు, కృష్ణపట్నం వైపు రాత్రి నిలిపిన బండ్లకి సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. బయటి తుప్పు ఎండకి ఆరుతుంది, రబ్బరు కింద చేరిన ఉప్పు తడి మాత్రం ఆరదు. లోపలి నుంచి కూడా నీళ్లు తోడైతే రేకు రెండు వైపులా తినేస్తుంది. డ్రెయిన్ తీసినప్పుడు దోసెడు నీళ్లొచ్చాయి. డ్రయ్యర్ కాట్రిడ్జి పని అయిపోయిందని ఆ నీళ్లే చెప్పాయి.

ట్యాంకు కారితే బస్సు ఎందుకు కూర్చోవాలి, అదీ ఎడమకే ఎందుకు అన్నది ఇంకా మిగిలే ఉంది. లెవెలింగ్ వాల్వు లోపలికి గాలి వచ్చే నోటి దగ్గర చిన్న నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయినా బెల్లో గాలి వెనక్కి పోకుండా ఆపేది అదే. అది బాగుంటే ట్యాంకు మొత్తం కారిపోయినా బస్సు నిలబడే ఉండాలి. పరీక్ష తేలిక. స్టాండ్లు పెట్టి, ట్యాంకు గాలి వదిలి, బెల్లో లైన్లో పెట్టిన బాల్ వాల్వు తెరిచి, లెవెలింగ్ వాల్వు సప్లై ట్యూబు ఊడదీసి, రాడ్డు విప్పి చెయ్యిని గాలి పెట్టే వైపు ఎత్తి పట్టుకోవాలి. సప్లై నోటి నుంచి గాలి రాకూడదు. కుడి వాల్వు నుంచి రాలేదు. ఎడమ వాల్వు నుంచి ధారగా వచ్చింది. విప్పి చూస్తే నాన్ రిటర్న్ సీటు (వాల్వు ఆనుకుని మూసుకునే అంచు) మీద తెల్లటి టెఫ్లాన్ టేపు పోగు ఇరుక్కుని ఉంది.

ఉదయం ట్యాంకులో 8 బార్లు, బెల్లోలో 4. ట్యాంకు ప్రెషరు బెల్లో కంటే పైన ఉన్నంతసేపు ఏమీ కనపడదు. మధ్యాహ్నం దాటాక ట్యాంకు 4 కంటే కిందికి వస్తుంది. అప్పుడు క్లీనర్లు ఎక్కినా, డిక్కీలో పార్సిళ్లు పెట్టినా బాడీ కొంచెం దిగి, వాల్వు గాలి పెట్టడానికి దారి తెరుస్తుంది. తెరిచిన దారిలో గాలి రావాల్సింది పోయి, బెల్లోలోదే వెనక్కి ట్యాంకులోకి పోతుంది. బాడీ ఇంకా దిగుతుంది, దారి ఇంకా తెరుచుకుంటుంది. అందుకే ఒకసారి మొదలైతే సాయంత్రానికల్లా పూర్తిగా కూర్చునేది. కుడి పక్క నాన్ రిటర్న్ బాగుంది కాబట్టి అటు నిలబడింది. రెండు లోపాల్లో ఏ ఒక్కటే ఉన్నా బస్సు కూర్చునేది కాదు.

ట్యాంకు మార్చాం. బెజ్జానికి వెల్డింగు పెట్టమని అడిగేవాళ్లుంటారు. చేయకూడదు. బెజ్జం పడ్డ చోట చుట్టూ రేకు పల్చబడే ఉంటుంది, పైన వెల్డింగు పట్టినా పక్కన చీలుతుంది, 8 బార్లతో చీలిన ట్యాంకు మనిషిని చంపగలదు. కొత్త ట్యాంకుకి పట్టీ తగిలే మేర అదనంగా పెయింటు వేసి, కొత్త రబ్బరు పెట్టాం. ఎడమ లెవెలింగ్ వాల్వు కొత్తది వేశాం, దానికి ముందు సప్లై లైను విప్పి గాలితో ఊది మిగిలిన టేపు పోగులు తీసేశాం. లైను ఊదకుండా కొత్త వాల్వు పెడితే మిగిలిన పోగు వచ్చి మళ్లీ అదే సీటు మీద కూర్చుంటుంది. ఓరింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) ఉన్న ఫిట్టింగుకి టేపు అసలు చుట్టకూడదు. టేపు అడిగే టేపర్ మర వచ్చినా మొదటి రెండు చుట్లు వదిలేసి చుట్టాలి. డ్రయ్యర్ కాట్రిడ్జి కూడా మార్చాం.

బెల్లోలే కారే బస్సులూ ఉంటాయి, వాటిని వెతికే తీరు వేరు. మడత పడే చోట పగులు బాడీ మామూలు ఎత్తులో ఉంటే కనపడదు. బాడీని పూర్తిగా లేపి ఒకసారి, మామూలు ఎత్తులో ఒకసారి, దించి ఒకసారి తడపాలి. కొన్ని పగుళ్లు ఒక్క ఎత్తులోనే తెరుచుకుంటాయి. రబ్బరు పైన వెంట్రుకవాసి గీతలు వయసు వల్ల వచ్చేవి, లోపలి దారం కనపడితేనే మార్చాలి. చీమకుర్తి వైపు ఎక్కువ తిరిగే బండ్లలో గ్రానైట్ పొడి తడిసి బెల్లో అడుగున ఉండే పిస్టన్ మీద ముద్దలా పట్టి, బెల్లో దిగి లేచినప్పుడల్లా రబ్బరుని ఉప్పుకాగితంలా గీస్తుంది. అక్కడ కడుగుడు ముఖ్యం, ప్రెషర్ వాషరు ముక్కు మాత్రం రబ్బరుకి మరీ దగ్గర పెట్టకూడదు. నైలాన్ ట్యూబు చివరని కటింగ్ ప్లయర్‌తో కోస్తే కోలగా నలుగుతుంది, ఓరింగు దాన్ని చుట్టూ పట్టలేదు. ట్యూబు కట్టరుతో నిటారుగా కోసి, లోపలికి ఎంత పోవాలో మార్కు పెట్టుకుని, ఆ మార్కు దాకా నెట్టి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి.

లెవెలింగ్ వాల్వు ఎగ్జాస్టు (గాలి బయటికి వదిలే నోరు) నుంచి సన్నగా గాలి వస్తూ ఉంటే వెంటనే వాల్వు మార్చక్కర్లేదు. ముందు రాడ్డు వంగిందా, రబ్బరు బుష్షు పోయిందా చూడాలి. అవి బాగుంటే సప్లై మూసి చూడాలి. గాలి ఆగితే లోపలికి వచ్చే సీటు కారుతోంది: అది బెల్లోని అదే పనిగా నింపుతుంది, వాల్వు ఆ ఎక్కువని బయటికి వదులుతూ ఉంటుంది. సప్లై మూసినా ఆగకపోతే బయటికి వదిలే సీటుదే లోపం. మొదటి రకం బస్సుని దించదు, కంప్రెసర్‌ని అరగదీస్తుంది. రెండో రకం దించుతుంది.

ఎయిర్ సస్పెన్షన్ కార్లలో సూత్రం ఇదే, కాకపోతే లెవెలింగ్ వాల్వు పని కంప్యూటరు చేస్తుంది. కొన్ని కార్లు ఆపి తాళం వేశాక కూడా మధ్యమధ్యలో మేలుకుని, దిగిన మూలకి సరిపడా మిగతా మూలల్ని దించి సమం చేస్తాయి. పొద్దునకి కారు మొత్తం దిగి ఉంటుంది, ఏ మూల కారిందో తెలియదు. రాత్రి పరీక్షకి ముందు సస్పెన్షన్ ఫ్యూజు తీసేస్తే కారే మూల ఒక్కటే దిగుతుంది. ఆ మూల స్ట్రట్టు (కార్లో బెల్లో ఉండే కాలు), దాని ట్యూబు, అన్ని మూలలకీ గాలి పంచే వాల్వు బ్లాకు దగ్గర ట్యూబు చివర, ఈ మూడింటినీ ఆ వరసలో తడపాలి. లీకుని వదిలేస్తే కార్లో ముందు పోయేది కంప్రెసర్, ఎందుకంటే అది ఎక్కువసేపు ఆగకుండా తిరగడానికి చేసింది కాదు.

పని అయ్యాక పరీక్ష మళ్లీ అదే, ఈసారి బాల్ వాల్వులన్నీ తీసేసి, అసలు లైన్లు కలిపి. 8 బార్లకి నింపి, నీడలో గంట చల్లార్చి, నాలుగు మూలలా కొలిచి, ట్యాంకు గేజి రాసుకుని రాత్రంతా వదిలాం. తెల్లారి గేజి దిగింది చలి లెక్కకి సరిపోయేంత మాత్రమే, మూలలన్నీ సమంగా ఉన్నాయి. నాన్ రిటర్న్ వాల్వుల కోసం ఇంకో పని చేశాం: స్టాండ్లు అలాగే ఉంచి, బాడీకీ స్టాండుకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలి, సస్పెన్షన్ ట్యాంకు డ్రెయిన్ తెరిచి గాలి మొత్తం వదిలేసి, నలుగురిని వెనక సీట్ల వైపు ఎక్కించి దింపాం. రెండు పక్కలా బాడీ తిరిగి తన మట్టానికే వచ్చింది. చివరగా కొత్త వాల్వు రాడ్డుని కంపెనీ చెప్పిన ఎత్తుకి సరిచేసి, రాడ్డు నట్టు మీద పెయింటు గీత పెట్టి బస్సు బయటికి పంపాం. ఆ గీత తప్పి కనపడితే ఎవరో రాడ్డు కదిపారని డ్రైవరుకి చెప్పి పెట్టాం, రోజూ ఉదయం సస్పెన్షన్ ట్యాంకు డ్రెయిన్ ఒకసారి లాగి నీళ్లు వస్తున్నాయేమో చూడమని కూడా.